పిడికెడు తవుడు

“మంగ అంటే గిన్నెలు తోమేటోళ్ల పేరు లెక్కున్నది” అంది మా అత్తమ్మ. ఆ మాట అన్నప్పుడు నేను గిన్నెలు తోముతున్నాను.

పిల్ల పుట్టి పద్నాలుగు రోజులు. పదకొండో రోజు దాకా పురుడు కాబట్టి నేను ఇంట్లో ఏ వస్తువునూ ముట్టుకోకూడదు. పన్నెండో రోజు నుంచి అన్ని వస్తువులూ నేనే ముట్టుకోవాలి. ఈ రెండింటికీ మధ్య ఒక్క రోజు ఊరికే కూర్చోవడానికి పెట్టి ఉంటే శాస్త్రం రాసినవాళ్ల సొమ్మేం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజు మాసమ్మ రాలేదు. మాసమ్మంటే చిక్కడపల్లిలో మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు ఊడ్చి, బట్టలు ఉతికే ఆమె. పాలమూరు నుంచి వచ్చి, అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో కిరాయికి ఉండేది. ఆమె మొగుడు ఎల్లేష్ మేస్త్రీ దగ్గర పనిచేసేవాడు. ఎక్కడైనా స్లాబు వేసే రోజు ఉంటే ఇద్దరూ పొద్దున్నే అక్కడికి పోయేవాళ్లు. స్లాబు రోజున మా గిన్నెలు నావి.

“పేరుకేమైంది అత్తమ్మా, మంచిగనే ఉంది గద” అన్నాను కడాయి వైపు చూస్తూ. మా అత్తమ్మతో ఏదైనా మాట్లాడాలంటే కడాయి వైపు చూస్తూ మాట్లాడటం నేను ఆరేళ్లలో నేర్చుకున్న విద్య. కాలేజీలో కెమిస్ట్రీ నేర్చుకున్నాను గానీ అది ఇంత పనికి రాలేదు.

ఈ పిల్ల నాకు మూడోది. మొదటిది ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. రెండోది ఆడపిల్ల, తొమ్మిది రోజులుంది. మా వాళ్లలో ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెడతారు కాబట్టి తొమ్మిది రోజుల పిల్లకు పేరు లేకపోయింది. నారాయణగూడ నర్సింగ్‌హోమ్ వాళ్లు ఇచ్చిన కాగితం మీద ‘ఫిమేల్ బేబీ ఆఫ్ జయశ్రీ’ అని మాత్రం ఉంది. ఆ కాగితాన్ని నా బీఎస్సీ సర్టిఫికెట్‌తో కలిపి ఒకే కవరులో పెట్టుకున్నాను. రెండింటితోనూ ఎవరికీ పని లేదు. పాలకు మాత్రం ఈ లెక్కలు తెలియవు, ఆ తర్వాత కూడా పన్నెండు రోజులు జాకెట్టు తడుస్తూనే ఉంది. మా ఆయన ఉమాకాంత్ స్నేహితుడెవరో పలకరించడానికి వస్తే చాయ్ ఇవ్వడానికి వెళ్లి, వచ్చినాయన చూపు నా జాకెట్టు తడి మీద ఆగి పక్కకు తిరగడం చూసి, ట్రే అక్కడే పెట్టి లోపలికి వచ్చేశాను. “గట్ల ఎందుకు పారిపోయినవ్, మర్యాద తెల్వదా” అన్నాడు ఉమాకాంత్ తర్వాత. “ఒక్కొక్కళ్ల కడుపు గట్లనే ఉంటది” అని అత్తమ్మ పక్కింటావిడతో అంటుండేది, నాకు వినపడేంత గట్టిగా, నాతో అన్నట్టు కాకుండా ఉండేంత మెల్లగా. అన్నిటికన్నా నన్ను కష్టపెట్టింది వేరే. ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడు ఏమని తలుచుకోవాలో తెలిసేది కాదు. పేరు లేని మనిషిని తలుచుకోవడం చీకట్లో వస్తువు వెతికినట్టు ఉంటుంది, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియదు.

ముందు ఇద్దరూ దక్కలేదు కాబట్టి ఈసారి అత్తమ్మ ముందే జాగ్రత్తపడింది. నాకు అమ్మ లేదు, కాన్పుకు వెళ్లడానికి పుట్టిల్లంటూ లేదు. కరీంనగర్‌లో అన్నయ్య ఇల్లు ఉంది, అది వేరే సంగతి. నర్సింగ్‌హోమ్ నుంచి వచ్చిన రోజే అత్తమ్మ వెనక వాకిట్లో కుళాయి పక్కన, ఇల్లూడ్చిన చెత్త కుప్ప పోసే చోట చేట పెట్టించి, అందులో పాత చీర పరిచి, మూడు రోజుల పిల్లను పడుకోబెట్టింది. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో ఇలా చేస్తారు. పిల్లను చెత్తలో పారేసినట్టు పారేసి, పిల్లలు బతికి బట్టకట్టిన ఇంకో తల్లికి అమ్మేస్తారు. మాసమ్మకు నలుగురు పిల్లలు, నలుగురూ నిక్షేపంగా ఉన్నారు. మా పిల్లను తీసుకుపోవడానికి యముడు వస్తే ‘ఆ ఇంటి పిల్ల ఇక్కడ లేదు, ఉన్నది మాసమ్మ బిడ్డ’ అని తెలుసుకుని వెనక్కి పోవాలి. ధర పిడికెడు తవుడు. ఆ తవుడు గాంధీనగర్‌లో బర్రెలున్న పాలాయన దగ్గర అత్తమ్మే తెప్పించి, మాసమ్మ చేతిలో పోసి, నాకు ఇమ్మంది. కొనేవాళ్ల చేతికి ధర అమ్మేవాళ్లే ఇచ్చే బేరం నేను అదొక్కటే చూశాను.

మాసమ్మ తవుడు నా కొంగులో పోసింది. అత్తమ్మ నేర్పిన మాటలు అప్పజెప్పినట్టు అంది. “ఈ పిల్లను నేను కొనుక్కున్న. ఇది నా బిడ్డ. నీకు సాదనీకి ఇస్తున్న, మంచిగ సాదు.”

“ఆఁ, ఇగ పేరు కూడ నువ్వే పెట్టు. కొనుక్కున్నోళ్లే పెట్టాలె” అంది అత్తమ్మ. “చెడ్డ పేరు పెట్టు. పెంటమ్మనో, పుల్లమ్మనో. ఇన్నోడు మొకం తిప్పుకోవాలె.”

మాసమ్మ పిల్ల వైపు చాలాసేపు చూసింది. “చెడ్డ పేరెందుకు పెడత పెద్దమ్మా? నా బిడ్డనంటిరి గద” అంది.

మాసమ్మ చేట మీదికి వంగి, “మంగా” అని పిలిచింది. మూడు రోజుల పిల్ల ఏం పలుకుతుంది. నాకు తెలియకుండానే నేను “ఊ” అన్నాను. నా పిల్లల్లో ఎవరినైనా పేరు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదటిసారి.

రెండు రోజుల తర్వాత ఆ పేరే ఎందుకు పెట్టావని అడిగాను. చనిపోయిన చెల్లెలి పేరో, ఊళ్లో దేవత పేరో చెబుతుందనుకున్నాను. “మంచిగుంది గదమ్మా, అందుకే” అంది బట్టలు పిండుతూ. పేరు పెట్టడానికి అంతకన్నా మంచి కారణం ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

కారణాలు మాత్రం చాలా చెప్పారు. గాంధీనగర్‌లో ఉండే మా ఆడబిడ్డ స్వర్ణ వదిన ఏదో వారపత్రికలో చూసి ‘అనూహ్య’ అనే పేరు పట్టుకొచ్చింది. “ఈ పేరు మన గల్లీలోనే లేదు” అంది, చీర గురించి చెప్పినట్టు. నేను మంగ అనే పెడదామన్నాను. “పనామె పెట్టిన పేరా? రేపు చీపురు గూడ చేతికిస్తవా పిల్లకు?” అంది. “కాన్వెంట్‌ల పోరగాండ్లు నవ్వుతరు. మంగా మంగా అని ఏడిపిస్తరు.” ఉమాకాంత్‌కి ఆఫీసు బెంగ. “స్వీట్లు పంచితే పేరేందని అడుగుతరు. ఏం చెప్పాలె? మంగ అని చెప్పాల్నా?” నోరు తిరగని పేరేం కాదుగా అన్నాను. “నీకేం తెల్వది, నువ్వూర్కో” అన్నాడు. నాకిష్టం అని చెప్పి చూశాను. మా ఇంట్లో ఆ కారణం రాసుకోవడానికి గడి లేదు. తొమ్మిది నెలలు మోసింది నేనే కదా అనబోయి, మోసినవి మూడు, దక్కింది ఒకటి, ఆ ఒకటీ మాసమ్మ పేరు మీద దక్కిందని ఎవరైనా గుర్తుచేస్తారేమోనని ఆగిపోయాను.

నిజానికి గుర్తుచేయాల్సింది నేనే. ఆ మాట అప్పుడు అనలేకపోయాను.

దానికి బదులు నేను చేసింది వేరు. పదిహేడో రోజు పొద్దున మా మామయ్య కాశీవిశ్వనాథంగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. ఆయన లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యారు. పేరేమో కాశీవిశ్వనాథం, మొక్కేదేమో వెంకటేశ్వరస్వామికి. రోజూ సాయంత్రం చిక్కడపల్లి గుడికి వెళ్లకపోతే ఆయనకు అన్నం సయించదు. కాఫీ ఇస్తూ, “మామయ్యా, తెల్లవారుజామున కల వచ్చింది” అన్నాను. కల రావాలంటే నిద్ర పోవాలి. పిల్ల గంటకోసారి పాలకు లేస్తుంటే పదిహేడు రోజులుగా నేను నిద్ర మొహం చూడలేదు. కానీ అది ఆయన చదివే పేపర్లో రాసి లేదు.

“ఏం కల?”

“ఎవరో అమ్మవారు. పసుపు చీర, ఆకుపచ్చ అంచు. నా పేరు పెట్టుకోమంది పిల్లకు.”

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. నేను మాట్లాడుతుంటే ఆయన పేపరు మడవడం నేనెన్నడూ ఎరగను. “పద్మావతి అమ్మవారా?” అన్నారు.

“ఆ పేరు కాదు మామయ్యా, ఇంకో పేరు చెప్పింది. నాలుక చివరున్నది, వస్తలేదు.”

“అలివేలుమంగ?”

“ఆఁ, అదే” అన్నాను.

ఆయన చేతులు జోడించారు, కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను నిదానంగా చూసింది. ఆమె నమ్మలేదని నాకు తెలుసు. కానీ కోడలికి వద్దని చెప్పినంత సులువుగా అమ్మవారికి చెప్పలేరు. ఆ సాయంత్రానికి పిల్ల పేరు అలివేలుమంగ అయింది. పిలవడానికి మంగ. స్వర్ణ వదిన రెండు రోజులు మాట్లాడలేదు. నేను లోలోపల గెంతులేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మాసమ్మకు కూడా నేనే చెప్పాను, “నువ్వు పెట్టిన పేరే పెడుతున్నం” అని. ఎలా సాధించానో మాత్రం చెప్పలేదు. మాసమ్మ నవ్వి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, పిల్ల తల నిమిరింది.

ఇరవై ఒకటో రోజు. పళ్లెంలో బియ్యం పోసి, ఉమాకాంత్ ఉంగరంతో పిల్ల పేరు రాశాడు. నలభై మంది వచ్చారు. మామయ్య గుడి స్నేహితులు కుర్చీల్లో కూర్చుని కల సంగతి వింటున్నారు. నేను తొట్టెల పక్కన పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మాసమ్మ వచ్చింది. ముందు గుమ్మంలోంచి వచ్చింది. మా ఇంట్లో ఆమె ఎప్పుడూ పక్క సందులోంచి వెనక్కి వెళుతుంది. ఆ రోజు తలకు నూనె రాసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, చేతిలో కాగితం పొట్లంతో తిన్నగా నా దగ్గరికి వచ్చింది. పొట్లంలో నల్లపూసల చేతి దండలు, పసిపిల్లకు సరిపోయేంతవి రెండు. “నా బిడ్డకు నేను పెట్టిన పేరే పెట్టిన్రు గదమ్మా” అంది నాతో. గట్టిగా కూడా అనలేదు. సంతోషంగా అంది.

“ఏందీ?” అంది స్వర్ణ వదిన పక్కనుంచి. “మల్ల చెప్పు, ఏమంటున్నవ్? పేరు నువ్వు పెట్టినవా?”

మామయ్య మా వైపు తిరిగారు. అత్తమ్మ మాత్రం నింపాదిగా, తనకు ముందే తెలిసిన సంగతి అడుగుతున్నట్టు, “జయశ్రీ, కల అంటివి గద?” అంది.

నలభై మంది నన్ను చూస్తున్నారు. నిజం చెబితే పేరు పోతుంది, అది నాకు స్పష్టంగా తెలుసు. కానీ నేను అబద్ధం చెప్పింది పేరు కోసమే అని ఇన్నాళ్లూ అనుకోవడం కూడా ఒక అబద్ధమే. ఆ క్షణంలో నాకు పేరు గుర్తు లేదు. నన్ను అబద్ధాలకోరు అంటారనే భయం ఒక్కటే ఉంది. “కలే అత్తమ్మా. అమ్మవారే చెప్పింది” అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. “మాసమ్మ ఏదో అనుకుంటున్నట్టుంది” అన్నాను. చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడ్డ మనిషి గురించి, ఆమె అక్కడ లేనట్టు అన్నాను. నా గురించి మా ఇంట్లో అందరూ మాట్లాడే పద్ధతి అదే. నాకు బాగా వచ్చు.

మాసమ్మ నా మొహంలోకి ఒక్కసారి చూసింది. తర్వాత మామయ్య వైపు తిరిగి, “నేనే తప్పు జెప్పిన పెద్దయ్యా. తమాషకన్న. అమ్మవారి పేరే” అంది. నా అబద్ధానికి తన తప్పు అడ్డం పెట్టి నన్ను కాపాడి, ముందు గుమ్మంలోంచే బయటికి వెళ్లి, పక్క సందులోంచి వెనక్కి పోయింది. కాసేపటికి గిన్నెల చప్పుడు మొదలైంది. నలభై మంది తిన్న ప్లేట్లు. సాయంత్రం నేను వెనక్కి వెళ్లేసరికి ఆమె వెళ్లిపోయింది. గిన్నెలు తోమే బండ మీద, సబ్బు నురగ పక్కన నల్లపూసల దండలు కనపడ్డాయి. కడిగి పిల్ల చేతులకు వేశాను. మర్నాడు మాసమ్మ చూసింది. ఆ రోజు నుంచి ఆమె పిల్లను ‘పాప’ అని పిలిచింది. ఎత్తుకునేది, మూతి తుడిచేది, నూనె రాసి నీళ్లు పోసేది. మంగ అని మాత్రం అనేది కాదు. ఆ ఇంట్లో, ఆ గల్లీలో, కిరాణా కొట్టాయనతో సహా అందరూ మంగా అని పిలిచే పిల్లను, ఆ పేరు పెట్టిన మనిషి ఒక్కతే అలా పిలిచేది కాదు.

సిగ్గు నాకు కొత్తేం కాదు. తడిసిన జాకెట్టుకి సిగ్గుపడ్డాను. నిలవని కడుపుకి సిగ్గుపడ్డాను. డిగ్రీ చదివి కూడా బస్సు చార్జీకి ఉమాకాంత్ జేబు వైపు చూడాల్సి వచ్చినందుకు సిగ్గుపడ్డాను. అవన్నీ ఎవరో ఒకరు నా చేతిలో పెట్టినవి, పుచ్చుకున్నాను. కొన్నాళ్లకు వాటిని ఎక్కడో ఒకచోట దించుకోవచ్చు. ఇది మాత్రం నేను స్వయంగా సంపాదించుకున్న సిగ్గు. రోజూ పొద్దున ఏడింటికి వెనక తలుపు కొట్టి, “అమ్మా, గిన్నెలెయ్యి” అనేది.

కల మాత్రం బాగా పెరిగింది. మామయ్య ప్రతి శుక్రవారం గుడిలో ఎవరో ఒకరికి చెప్పేవారు. మొదటి ఏడు పసుపు చీరే ఉంది. రెండో ఏడు చేతిలో తామరపువ్వు వచ్చింది. మూడో ఏటికి గరుత్మంతుడు కూడా దిగాడు. వెనకింటి విద్యాసాగర్ వాళ్లమ్మ నన్ను మార్కెట్లో ఆపి, తన కొడుకు బదిలీ గురించి అమ్మవారు ఏమైనా చెబితే కబురు చేయమని చెయ్యి పట్టుకుంది. వంకాయలు ఏరుకుంటూ సరేనన్నాను. ఒకసారి అమ్మవారి మాట మోయడానికి ఒప్పుకున్నాక, వద్దనడానికి నోరు రాదు.

నాలుగేళ్లు గడిచాయి. తొంభై ఏడులో, బడిలో వేయడానికి నారాయణగూడ నుంచి ఫారం తెచ్చుకున్న ఆదివారం పొద్దున, నేను వంటింట్లో పచ్చిమిరపకాయలు తరుగుతున్నాను. కిటికీ అవతల కుళాయి దగ్గర మాసమ్మ గిన్నెలు తోముతోంది. మంగ ఆమె పక్కన గొంతుక్కూర్చుని, తనకు నచ్చని సంగతి ఒకటి తేల్చుకుంటోంది.

“నువ్వు నన్ను పాప అంటవెందుకు? మంగ అనవెందుకు?”

“పాపవే గద.”

“నా పేరు నీకు తెల్వదా?”

మాసమ్మ ఇత్తడి చెంబు చింతపండుతో రుద్దుతోంది. “తెలుసు తల్లీ. పెద్దోళ్ల పేరు గదా, మా నోట్ల బాగుండదు” అంది.

నేను మిరపకాయ తరుగుతూ వేలు తరుక్కున్నాను. బాధ అది కాదు. నాలుగేళ్ల కింద నేను అన్న ఒక్క మాట ఆమె లోపల ఇన్నాళ్లూ ఏ రూపంలో ఉందో అప్పుడు తెలిసింది. నా పిల్లకు తను పెట్టిన పేరు తన నోటికి తగదని నమ్మేలా చేసింది అత్తమ్మ కాదు, స్వర్ణ వదిన కాదు. వాళ్లు పేరు వద్దన్నారు, అంతే. పేరు ఉంచుకుని మనిషిని వద్దన్నది నేను.

పదింటికి స్వర్ణ వదిన వచ్చింది. ఉమాకాంత్ డైనింగ్ టేబుల్ మీద ఫారం పరిచి, పెన్ను మూత తీశాడు. మామయ్య, అత్తమ్మ అక్కడే ఉన్నారు. నేను వేలికి గుడ్డ చుట్టుకుని చాయ్ తెచ్చాను.

“తమ్మీ, పేరు దగ్గర అనూహ్య అని రాయి” అంది వదిన. “ఇంట్ల మంగ అనుకోండ్రి, ఎవరొద్దన్నరు? సర్టిఫికెట్ల మంచి పేరుండాలె. ఒక్కసారి రాస్తే జిందగీ మొత్తం అదే నడుస్తది.”

“నేనూ అదే అనుకుంటున్న” అన్నాడు ఉమాకాంత్.

“ఎట్ల అనుకుంటవ్?” అన్నారు మామయ్య. “అమ్మవారు స్వయంగా వచ్చి చెప్పిన పేరు. అలివేలుమంగ అనే ఉండాలె.” అప్పుడే లోపలికి వచ్చిన మంగను దగ్గరికి లాక్కున్నారు. “చెప్పు తల్లీ, నీ పేరెవరు పెట్టిన్రు?”

“దేవుడమ్మ” అంది మంగ, వల్లెవేసినట్టు. “కలలకొచ్చి.”

కిటికీ అవతల గిన్నెల చప్పుడు ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేదనిపించింది. ఆమె వినడం అలవాటు చేసుకుంది. పేరుకున్న రక్షణ అంతా మామయ్య భక్తే, ఆ భక్తికి ఆధారం నా కల. కల లేదంటే మరుక్షణం ఆ గడిలో అనూహ్య అని పడుతుంది. అది తెలిసే నోరు తెరిచాను.

“మామయ్యా, నాకు కల రాలేదు.”

“ఏందమ్మా?”

“అప్పుడు. నాకు కల రాలేదు. అసలు నిద్రే లేదు. ఆ పేరు మాసమ్మ పెట్టింది. తొట్టెల రోజు ఆమె నిజం చెప్పింది, నేను అబద్ధం చెప్పిన.”

మామయ్య కళ్లద్దాలు తీశారు. కోప్పడతారనుకున్నాను. “గుళ్లె అందరికీ చెప్పిన గద తల్లీ” అన్నారు, అంతే. నేను సిగ్గుపడాల్సిన మనుషుల వరసలో ఆయన కూడా ఉన్నారని అప్పటిదాకా నాకు తోచలేదు.

“నాకప్పుడే తెలుసు” అంది అత్తమ్మ.

“ఇంకేం మరి, పరేషాన్ తీరింది” అంది స్వర్ణ వదిన. “రాయి తమ్మీ. అనూహ్య.”

ఉమాకాంత్ నా వైపు చూడకుండా ‘అ’ రాశాడు. నేను ఫారం మీద చెయ్యి పెట్టాను. వేలికి చుట్టిన గుడ్డ కాగితానికి అడ్డం పడింది.

“చెయ్యి తియ్యి.”

“మీరు రాయొద్దు. నేనూ రాయను” అన్నాను. “పేరు మార్చాలంటే మాసమ్మనడగాలె. ఈ పిల్లను మనం అమ్మేసినం గద. పిడికెడు తవుడు కొంగుల పట్టింది నేనే.”

వదిన నవ్వింది. ఉమాకాంత్ “పాగల్ మాటలు మాట్లాడకు” అన్నాడు. అత్తమ్మ కూడా, “అదేందే, అది ఉత్తుత్తి తంతు...” అని మొదలుపెట్టింది. మధ్యలో ఆగిపోయింది. తన నోట్లోంచి వస్తున్న మాట తనకే వినపడినట్టుంది. నాలుగేళ్లుగా మంగకు జ్వరం వచ్చినప్పుడల్లా, “మాసమ్మ కొన్న పిల్ల, ఏం కాదు, బతుకుతది” అని దిష్టి తీస్తూ గొణుక్కునే మనిషి. ఆ పిల్ల ఊపిరి ఆ తవుడు మీద నిలిచిందని మా ఇంట్లో నిజంగా నమ్మింది ఆమె ఒక్కతే. మొదటి రెండు కాన్పులప్పుడూ పోయిన పసిగుడ్లను గుడ్డలో చుట్టి ఇచ్చింది కూడా ఆమే. గబగబా చెంపలు వేసుకుంది. మంగను మామయ్య దగ్గర్నించి తన ఒళ్లోకి లాక్కుంది.

“అమ్మా, నువ్వు గూడనా?” అంది వదిన.

“నువ్వూర్కో స్వర్ణా” అంది అత్తమ్మ. “ఉమా, పెన్ను మూత పెట్టు.” తర్వాత నా వైపు చూడకుండా, “పోయి అడుగు” అంది.

నేను వెనక్కి వెళ్లాను. మంగ అత్తమ్మ ఒళ్లోంచి జారి నా వెనకే వచ్చింది. మాసమ్మ తోమిన గిన్నెలు ఒకవైపు పేర్చి, కడగడానికి కుళాయి తిప్పింది. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. “మాసమ్మా, లోపల చెప్పేసిన” అన్నాను.

“ఇన్ననమ్మా” అంది తల ఎత్తకుండా.

“అప్పుడే చెప్పాల్సింది.”

పోనీలే అంటుందేమోనని కాసేపు నిలబడ్డాను. అనలేదు. నేనైనా అనను. ఒక పళ్లెం కడిగి, వెలుతురుకు పట్టి చూసి, పక్కన పెట్టింది.

“బడి ఫారంలో పేరు రాయాలె. ఏం రాయమంటవో అడిగి రమ్మన్నరు.”

“ఎవరు? పెద్దమ్మనా?”

“ఆఁ.”

అప్పుడు తల ఎత్తింది. నా వైపు కాదు, మంగ వైపు చూసింది. అది మా మాటలు పట్టించుకోకుండా కుళాయి కింద అరచెయ్యి పెట్టి, ఆ నీళ్లు నా చీర మీద చిమ్ముతోంది.

“ఏయ్ మంగా” అంది మాసమ్మ. “నీళ్లల్ల ఆడకు, సర్ది అయితది.”

“ఊ” అంది పిల్ల. ఈసారి తనే పలికింది.